జమాఖర్చులు రాసిన సన్యాసి – లూకా పాచోలీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శిగారు కబురు పంపినప్పుడు, గాంధీగారి మీద, ప్రకాశం పంతులుగారి మీద రాయడానికి నాకంటే పెద్దలు చాలామంది ఉన్నారు గదా, నేనెందుకని ఊరుకుందామనుకున్నాను. ఆ తరువాత తోచింది. ముప్పయ్యారేళ్ళు క్యాష్ బుక్కుతోనూ, బిల్లు రిజిస్టర్లతోనూ కాపురం చేసిన మనలాంటివాళ్ళకు ఒక ఆదిగురువు ఉన్నాడనీ, ఆయన పేరు మనలో నూటికి తొంభై మందికి తెలియదనీ. నాకూ రిటైరైన తరువాతనే తెలిసింది. మా మనుమరాలు బి.కాం.లో చేరిన ఏడాది ఒక సాయంత్రం చిట్టా పద్దులు అర్థం కావడం లేదని పుస్తకం పట్టుకుని నా దగ్గర కూర్చుంది. డెబిట్టు ఎడమవైపే ఎందుకుండాలి, క్రెడిట్టు కుడివైపే ఎందుకుండాలి, ఇదంతా ఎవరు పెట్టారు అని అడిగింది. సర్వీసంతా లెక్కలు రాసినవాణ్ణి, సమాధానం చెప్పలేక నీళ్ళు నమిలాను. ఆ సిగ్గుకొద్దీ చదవడం మొదలుపెట్టాను. అలా పరిచయమైన పెద్దమనిషే లూకా పాచోలీ.

ఆయన ఇటలీ దేశస్థుడు. టస్కనీ ప్రాంతంలో బోర్గో శాన్‌సెపోల్క్రో అనే చిన్న ఊళ్ళో 1447 ప్రాంతంలో పుట్టాడు. కలిగిన కుటుంబం కాదు. అదే ఊళ్ళో పియేరో దెల్లా ఫ్రాంచెస్కా అనే గొప్ప చిత్రకారుడు ఉండేవాడు. ఆయన బొమ్మలు వేయడమే కాక గణితంలోనూ దిట్ట. ఈ పియేరో పేరు పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, చివరలో మళ్ళీ వస్తుంది.

పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో లూకా వెనిస్ నగరానికి చేరాడు. అప్పట్లో వెనిస్ అంటే మామూలు ఊరు కాదు. తూర్పు దేశాల మిరియాలు, పట్టు, సుగంధద్రవ్యాలు ఓడలమీద దిగేది అక్కడే. మన మలబారు మిరియాలు కూడా అరబ్బు వర్తకుల చేతులు మారి ఆ రేవుకే చేరేవి. అక్కడ ఆంటోనియో రోంపియాసి అనే వర్తకుడి ఇంట్లో ముగ్గురు కొడుకులకు చదువు చెప్పే ఉద్యోగం దొరికింది. పిల్లలకు పాఠం చెబుతూ, తాను కూడా నగరంలో గణితం చదువుకుంటూ, యజమాని వ్యాపారం పనిమీద ప్రయాణాలు చేస్తూ కొన్నేళ్ళు గడిపాడు. అంటే ఆయనకు లెక్కలు వచ్చింది పుస్తకంలోంచి మాత్రమే కాదు, గిడ్డంగిలోంచీ రేవులోంచీ కూడా. నా ఉద్దేశంలో ఆ తరువాత ఆయన రాసిన పుస్తకం నిలబడడానికి ఇదే అసలు కారణం. 1470లో ఆ ముగ్గురు పిల్లలకోసం ఒక గణిత పుస్తకం రాసి ఇచ్చాడు. అది ఇప్పుడు దొరకడం లేదు.

ఆ తరువాత రోముకు వెళ్ళి కొంతకాలం ఆల్బెర్టీ అనే పండితుడి ఇంట్లో ఉన్నాడు. ఆ సంవత్సరాల్లోనే సంసారం జోలికి పోకుండా ఫ్రాన్సిస్ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకున్నాడు. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఫ్రాన్సిస్ మఠం సన్యాసులది దారిద్ర్య వ్రతం, డబ్బు పోగేయరాదు. అటువంటి వ్రతం పట్టినవాడు లాభనష్టాలు ఎలా తేల్చాలో లోకానికి నేర్పాడు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ప్రభుత్వ ఖజానాలో లక్షలు లెక్కపెట్టి సాయంత్రం అద్దె ఇంటికి నడిచి వెళ్ళినవాళ్ళం మనమూ ఉన్నాం.

1477 నుంచి పెరూజా విశ్వవిద్యాలయంలో గణితం చెప్పాడు. అక్కడినుంచి జీవితమంతా ఊళ్ళు తిరగడమే. జారా, నేపుల్స్, రోము, మళ్ళీ పెరూజా. మనకు మూడేళ్ళకొక బదిలీ వస్తేనే సామాన్లు సర్దలేక, పిల్లల టీసీలు తెచ్చుకోలేక అవస్థపడ్డాం. ఆయనకు పెట్టే బేడా లేవు గనుక చెల్లింది.

1489లో సొంత ఊరికి తిరిగి వచ్చాడు. పోపుగారు ఆయనకు కొన్ని ప్రత్యేక సౌకర్యాలు మంజూరు చేశారు. అదే కొంపముంచింది. తోటి సన్యాసులకు కన్నుకుట్టింది. ఫిర్యాదులు వెళ్ళాయి. 1491లో ఆయన ఆ ఊళ్ళో పాఠాలు చెప్పకూడదని నిషేధం వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే 1493లో ఈస్టరు పండుగకు ముందు చేసే ప్రసంగాలకు అదే ఊరివాళ్ళు ఆయన్నే పిలిచారు. ఆకాశరామన్న ఉత్తరాలు, వాటిమీద మెమోలు, ఆ పైన మళ్ళీ అదే మనిషిని పిలిచి పని చెప్పడం, ఇవన్నీ మన ఆఫీసుల్లోనే పుట్టాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఈ గొడవల మధ్యలోనే ఆయన తన పెద్ద పుస్తకాన్ని పూర్తిచేసి, 1494 నవంబరులో వెనిస్‌లో అచ్చు వేయించాడు. దాన్ని క్లుప్తంగా సుమ్మా అంటారు. ఆరువందల పేజీల ఉద్గ్రంథం. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, వర్తకుల లెక్కలు, అన్నీ ఒకచోట కూర్చాడు. అప్పటి పండితులు లాటిన్‌లో రాసేవారు. ఈయన మాత్రం జనం మాట్లాడుకునే ఇటాలియన్ భాషలో రాశాడు. చదివేవాడు వర్తకుడైనప్పుడు వర్తకుడి భాషే కావాలి గదా. ఆ పుస్తకంలో ఉన్న అంకెలు మన దేశంలో పుట్టి అరబ్బుల ద్వారా అక్కడికి చేరినవే. వాటిని 1202లో ఆ దేశంలో బాగా ప్రచారం చేసిన పీసా నగరపు లియొనార్డో, అంటే ఫిబొనాచీ, పుస్తకాన్ని పాచోలీ ఎంతగానో వాడుకున్నాడు, ఆ సంగతి చెప్పుకున్నాడు కూడా.

ఈ ఆరువందల పేజీల్లో మనకు సంబంధించినది ముప్పై పేజీలకు లోపే. ముప్పైఆరు చిన్న అధ్యాయాలు. వెనిస్ వర్తకులు పద్దులు ఎలా రాస్తారో వివరించే భాగం. చాలామంది పాచోలీని జంటపద్దు విధానం కనిపెట్టినవాడని రాస్తారు. అది సరికాదు. జెనోవా నగరపాలక లెక్కలు 1340లోనే ఆ పద్ధతిలో ఉన్నాయి. రగూసా వర్తకుడు కోత్రుల్యీ 1458లోనే దీని గురించి రాశాడు. కానీ ఆయన రాతప్రతి 1573 దాకా అచ్చుకు నోచుకోలేదు. పాచోలీ కూడా తాను కనిపెట్టానని చెప్పుకోలేదు, వెనిస్ పద్ధతిని రాస్తున్నానన్నాడు. కొత్తగా వచ్చిన అచ్చుయంత్రాన్ని పట్టుకుని, పదిమంది వర్తకుల ఇళ్ళలో గుట్టుగా ఉన్న విద్యను పుస్తకంలో పెట్టాడు. నా మటుకు నాకు అది తక్కువ పని కాదు.

ఆ ముప్పై పేజీల్లో ఏముందో కొంచెం విపులంగా చెబుతాను. ఓపికలేనివారు రెండు పేరాలు దాటి వెళ్ళవచ్చు.

వర్తకం మొదలుపెట్టేవాడు ముందుగా తనకున్నదంతా ఒకే రోజున జాబితా రాసుకోవాలి. నగదు, నగలు మొదట రాయాలి, ఎందుకంటే అవి తేలిగ్గా పోయేవి. ఆ తరువాత సరుకులు, ఇళ్ళు, భూములు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన అప్పులు. తరువాత మూడు పుస్తకాలు పెట్టాలి. మొదటిది చిత్తు పుస్తకం. ఇందులో జరిగింది జరిగినట్టు ఇంట్లో ఎవరైనా రాయవచ్చు, యజమాని లేకపోతే గుమాస్తా, నౌకరు, ఇంటి ఆడవాళ్ళు కూడా. రెండోది చిట్టా. చిత్తులో ఉన్నదాన్ని శుభ్రపరచి, ఎవరికి ఖర్చు, ఎవరికి జమ అన్నది విడదీసి రాయాలి. మధ్యలో రెండు ఏటవాలు గీతలు. మూడోది ఆవర్జా. అందులో ఎదురెదురు పేజీలు, ఎడమవైపు డెబిట్టు, కుడివైపు క్రెడిట్టు. చిట్టాలో ఒక పద్దు ఉంటే ఆవర్జాలో రెండు పద్దులు పడాలి. డెబిట్టు ఎక్కించగానే చిట్టా పద్దు మీద ఒక గీత, క్రెడిట్టు ఎక్కించగానే ఇంకొక గీత కొట్టాలి. మార్జినులో ఆవర్జా పేజీ నంబరు వేయాలి. ఏ పద్దు ఎక్కిందో, ఏది ఎక్కలేదో చూడగానే తెలిసిపోతుంది. మన రిజిస్టర్లలో ఎర్రసిరాతో టిక్కు పెట్టి ఫోలియో నంబరు వేసేవాళ్ళం, గుర్తుందా? అదే ఇది.

పుస్తకం మొదట దేవుని పేరు రాసి మొదలుపెట్టమన్నాడు. మన షావుకార్లు కొత్త ఖాతా పుస్తకానికి పసుపు కుంకుమలు పెట్టి శ్రీకారం చుట్టడం లాంటిదే. కొనేవాడికొకటి, అమ్మేవాడికొకటి చూపించడానికి రెండు రకాల పుస్తకాలు పెట్టే వర్తకుల గురించి కూడా రాసి, అది తప్పని మందలించాడు. అయిదువందల ఏళ్ళ కిందట కూడా రెండో నంబరు ఖాతాలు ఉండేవన్నమాట. ఆవర్జా నిండిపోయినప్పుడు డెబిట్టులన్నీ ఒకపక్క, క్రెడిట్టులన్నీ ఒకపక్క కూడి చూడాలి. రెండు మొత్తాలూ సరిపోకపోతే ఎక్కడో తప్పుందని అర్థం, దాన్ని వెతికి పట్టుకోవాలి. మా మనుమరాలి పుస్తకంలో అంకణా అని ఉన్నది దీనికి సంతానమే. తరుగుదల, ఆస్తి అప్పుల పట్టీ వంటివి మాత్రం ఇప్పుడున్న రూపంలో ఆయన పుస్తకంలో లేవు. అవి తరువాతి కాలంవారు పెంచుకున్నవి.

ఈ భాగంలో నన్ను పట్టి ఆపిన అధ్యాయం ఒకటుంది. తప్పు పద్దు పడితే ఏంచేయాలన్నది. పద్దును చెరిపివేయవద్దంటాడు. తప్పు పడ్డ పద్దుకు ఒక గుర్తు పెట్టి, దానికి ఎదురుగా రెండోవైపు అంతే మొత్తానికి పద్దు రాసి కొట్టేయమంటాడు. తప్పు తప్పుగానే పుస్తకంలో ఉంటుంది, దాని దిద్దుబాటు కూడా పక్కనే ఉంటుంది.

దీని గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పుకోవాలి. ఇన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు. 1981లో నేను యు.డి.సి.గా ఒక ఆఫీసులో క్యాషు చూసేవాణ్ణి. మార్చి నెలాఖరు. ఒక ప్రయాణభత్యం బిల్లు చెల్లింపు రూ.1,206 అయితే క్యాష్ బుక్కులో రూ.1,260 అని ఎక్కించాను. సాయంత్రం పెట్టెలో నగదు యాభైనాలుగు రూపాయలు ఎక్కువగా ఉంది. తేడా తొమ్మిదితో భాగిస్తే నిశ్శేషంగా పోయేసరికి అంకెలు తారుమారయ్యాయని వెంటనే తెలిసింది, తప్పు పద్దూ దొరికింది. ఎర్రసిరాతో కొట్టేసి, సరైన అంకె పైన రాసి, ఆఫీసరుచేత తేదీతో సహా పొట్టిసంతకం చేయించాలన్నది రూలు. ఆ రూలు నాకు కంఠస్థం. కానీ ఆఫీసరుగారు క్యాంపులో ఉన్నారు, ఆయన కోపిష్టి. పాత బ్లేడు తీసుకుని రెండు అంకెలూ, కింద మొత్తాలూ గీకి, పైన గోరుతో రాసి నునుపుచేసి, సరైన అంకెలు వేశాను. నగదు సరిపోయింది. హాయిగా ఇంటికి వెళ్ళి నిద్రపోయాను.

ఆరు నెలల తరువాత ఆడిట్‌వారు పేజీని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. గీకినచోట కాగితం పలచబడి వెలుతురు కనిపించింది. ముందున్న అంకె ఏమిటని అడిగారు. చెప్పాను. రుజువేమిటన్నారు. రుజువును నేనే బ్లేడుతో గీకేశాను గదా! ఒక్క పైసా కూడా తినలేదని నాకు తెలుసు, కానీ అది చూపించగలిగిన ఒకే ఒక్క సాక్ష్యం ఆ తప్పు అంకె. చార్జి మెమో వచ్చింది. ఒక ఇంక్రిమెంటు ఏడాదిపాటు ఆపారు. డబ్బు సంగతి అలా ఉంచండి, మా నాన్నగారు బతికుండగానే ఇది జరిగింది. ఆయన గ్రామ కరణంగా పనిచేసినవారు. నన్నేమీ అనలేదు. ఆ మెమో కాగితాన్ని చదివి, మడిచి నా చేతికిచ్చి, పొలంవైపు వెళ్ళిపోయారు. శిక్ష న్యాయమేనని నాకు అప్పుడూ తెలుసు. ఆ రూలు అసలు ఎందుకుందో మాత్రం పాచోలీ అధ్యాయం చదివాకే పూర్తిగా బోధపడింది. అది గుమాస్తాను పట్టుకోవడానికి పెట్టిన రూలని నేను సర్వీసంతా అనుకున్నాను. అది గుమాస్తాను కాపాడే రూలు.

ఇక ఆయన కథలోకి వస్తాను. సుమ్మా ఆయనకు పేరు తెచ్చింది. 1495 నాటి ఆయన చిత్రపటం ఒకటి నేపుల్స్‌లో ఉంది. సన్యాసి దుస్తుల్లో, బల్లముందు నిలబడి యూక్లిడు పాఠం చెబుతుంటాడు, పక్కన సగం నీళ్ళున్న గాజు ఘనం ఒకటి వేలాడుతుంటుంది. నేను పుస్తకంలో చూశాను. ముఖం చూస్తే హాస్యమాడే మనిషిలా లేడు. 1496లో మిలాన్ ప్రభువు లుడోవికో స్ఫోర్జా పిలుపు మీద అక్కడికి వెళ్ళాడు. ఆ కొలువులోనే లియొనార్డో డావిన్సీ ఉన్నాడు. మోనాలిసా గీసిన ఆయనే. ఇద్దరికీ గాఢమైన స్నేహం కుదిరింది. లియొనార్డో అప్పటికే సుమ్మా ప్రతి కొనుక్కున్నాడు, దానికి 119 సోల్దీలు ఇచ్చినట్టు తన చిట్టాలో రాసుకున్నాడు. ఈయన దగ్గర వర్గమూలాల గుణకారం నేర్చుకోవాలని కూడా గుర్తుకు రాసిపెట్టుకున్నాడు. పాచోలీ రాస్తున్న దివ్యానుపాతం అనే గ్రంథానికి ఘనరూపాల బొమ్మలు లియొనార్డో గీసి ఇచ్చాడు. అంతటి చిత్రకారుడు ఇంకొకరి పుస్తకానికి బొమ్మలు వేశాడంటే ఆ స్నేహం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. 1499లో ఫ్రెంచి సైన్యాలు మిలాన్ మీద పడ్డాయి. మిత్రులిద్దరూ ఊరు విడిచి, చివరికి ఫ్లారెన్సు చేరారు.

1508 ఆగస్టులో వెనిస్‌లో ఒక చర్చిలో ఆయన యూక్లిడు మీద ఉపన్యసించాడు. మరుసటి ఏడు 1509లో దివ్యానుపాతమూ, యూక్లిడు లాటిన్ ప్రతీ అచ్చులో వచ్చాయి. మన విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కిన సంవత్సరమది.

ఇక్కడ పియేరో దగ్గరకు రావాలి. దివ్యానుపాతం మూడో భాగం పియేరో లాటిన్‌లో రాసిన ఘనరూపాల పుస్తకానికి ఇటాలియన్ అనువాదం. పియేరో 1492లోనే చనిపోయాడు. అచ్చు పుస్తకంలో ఆ భాగం ఆయనదని ఎక్కడా చెప్పలేదు. 1550లో వాసారీ అనే ఆయన చిత్రకారుల జీవితాలు రాస్తూ, పాచోలీ తన గురువు పుస్తకాలను కాజేశాడని బాహాటంగా ఆరోపించాడు. తరువాత వాటికన్ గ్రంథాలయంలో పియేరో రాతప్రతి బయటపడ్డాక పోల్చి చూస్తే ఆరోపణలో నిజమున్నదని తేలింది. ఆ రోజుల్లో ఒకరి పుస్తకంలోంచి ఇంకొకరు తీసుకోవడం మామూలేనని సమర్థించేవారున్నారు. సుమ్మాలో ఆయన పియేరోను గొప్పగా పొగిడిన మాట కూడా నిజమే. అయినా నాకు ఇది మింగుడుపడదు. ఫిబొనాచీ పేరు చెప్పినవాడు తన ఊరి పెద్దమనిషి పేరు చెప్పడానికి ఏమడ్డం వచ్చింది? పుచ్చుకున్న ప్రతిదానికీ ఇచ్చినవాడి పేర జమ పడాలని లోకానికి నేర్పినవాడు, తన ఆవర్జాలో పియేరో ఖాతాకు క్రెడిట్టు వేయలేదు. నా బ్లేడు సంగతి చెప్పుకున్నాను గనుక ఆయన సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

1510లో సొంత ఊరి మఠానికి అధిపతి అయ్యాడు. అప్పుడూ ఫిర్యాదులు తప్పలేదు. 1514లో పదో లియో పోపు రోములో గణితం చెప్పమని పిలిచాడు. అప్పటికి డెబ్బయికి దగ్గర పడ్డాడు, అంటే మన వయసు. 1517 జూన్ 19న శాన్‌సెపోల్క్రోలోనే కన్నుమూశాడు. సుమ్మా రెండో ముద్రణ ఆయన పోయిన ఆరేళ్ళకు, 1523లో వచ్చింది. అందులోని పద్దుల భాగం మీద ఆధారపడి ఇతర దేశాలవారు తమ తమ భాషల్లో పుస్తకాలు రాసుకున్నారు, అలా ఆ విద్య ఐరోపా అంతా పాకింది. ఇంగ్లీషువారితో పాటు మన దేశానికీ వచ్చింది.

ఆయన చదరంగం మీద కూడా ఒక పుస్తకం రాశాడని తెలుసుగాని, అయిదువందల ఏళ్ళపాటు అది ఎవరికీ కనిపించలేదు. 2006లో గొరీత్సియా అనే ఊళ్ళో ఒక జమీందారీ కుటుంబపు గ్రంథాలయంలో పాత పుస్తకాల మధ్య ఆ రాతప్రతి దొరికింది. ఆ ఏడు నేనింకా సర్వీసులోనే ఉన్నాను. మా ఆఫీసులో రికార్డు రూములో కనిపించకుండా పోయిన ఒక సర్వీసు రిజిస్టరు కోసం నాలుగు నెలలుగా బీరువాలు తిరగేస్తున్నాం. అదీ ఆ సంవత్సరమే దొరికింది, ఎండాకాలం కూలరు కింద ఎత్తు కోసం పెట్టారు.